చలిమిడికి ఎక్స్‌రే తగలకూడదని

హైదరాబాద్ వెళ్లి మోసపోయినవాళ్లు మీకు చాలామందే తెలిసి ఉంటారు. కానీ మోసపోకుండా ఉండడానికి వారం రోజులు చదువుకుని, నోట్సు రాసుకుని, పరీక్షకి వెళ్లినట్టు వెళ్లి, ఫస్టు క్లాసులో మోసపోయినవాణ్ణి నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఆ ఘోరం ఇప్పుడు చెప్తాను. ఇందులో నేను ఒక పెద్దమనిషిని నడిరోడ్డు మీద దొంగ అంటాను. ఒక దొంగని బావా అంటాను. కథ జరిగినంతసేపూ నా నడుముకి మా అమ్మ పట్టుచీర చుట్టి ఉంటుంది. అది అక్కడికి ఎందుకొచ్చిందో కూడా చెప్తాను, తొందరపడకండి.

మాది అత్తిలి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది, పని దొరకలేదు, ప్రపంచంలో ప్రతి విషయం మీదా అభిప్రాయం మాత్రం ఉండేది. మా అక్క లావణ్య హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, అదే ఆఫీసులో పనిచేసే నరేష్‌ని ఇష్టపడి చేసుకుంది. బావ వాళ్లది జనగామ వైపు. ఎప్పుడో పంజాగుట్ట వచ్చి స్థిరపడ్డారు. ఆ పెళ్లి కరోనా రోజుల్లో, వేళ్ల మీద లెక్కపెట్టేంత మందితో జరిగింది. సరిగ్గా దానికి రెండు రోజుల ముందు నాకు జ్వరం తగిలి, నన్ను పెరటి గదిలో పెట్టి గడియ వేశారు. పెళ్లి ఫోన్లో చూశాను. అందులో బావ వాళ్ల నాన్న, నర్సయ్య మామయ్యగారు, కనిపించారు గానీ ముక్కు నుంచి గడ్డం దాకా మాస్కే. ఆ తర్వాత వాళ్లు అత్తిలి వచ్చినప్పుడల్లా నేను ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక పరీక్ష తప్పుతూ ఉండేవాణ్ణి. అంచేత మామయ్యగారు నాకు తెలిసినదల్లా ఒక నుదురు, రెండు కళ్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, అక్కరకొస్తుంది. నాకు తప్ప.

అక్కకి ఏడో నెల వచ్చింది. సీమంతానికి ముహూర్తం పెట్టారు. మేం ముగ్గురం వెళ్దామనుకుంటుంటే, నాలుగు రోజుల ముందు అమ్మ బాత్రూంలో జారి ఎడమకాలు విరగ్గొట్టుకుంది. నాన్న ఆవిడకి కాపలా ఉండిపోయాడు. ఇక పుట్టింటి తరఫున మిగిలింది నేనే. అంటే ఏమీ మిగలలేదన్నమాట. అమ్మ కుర్చీలో కూర్చుని, కట్టు కాలు ముక్కాలిపీట మీద చాపి, స్టవ్వు పక్కకి దింపించుకుని తనే పాకం పట్టింది. చలిమిడి చేసి స్టీలు డబ్బాలో నొక్కి పెట్టి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"పుట్టింటి చలిమిడి అంటే ఏంటో తెలుసా నీకు?" అంది.

"బెల్లం, బియ్యప్పిండి."

"దాని కడుపు చలవరా. కడుపుతో ఉన్న పిల్ల ఒళ్లో పుట్టింటివాళ్లు పెట్టాలి. అది మనల్ని ఒప్పించి చేసుకున్న పెళ్లి. పుట్టింటివాళ్లు దాన్ని వదిలేశారన్న మాట ఒక్కరి నోట రాకూడదు. పదకొండింటికి ముహూర్తం. నువ్వు తప్పిపోయినా పర్లేదు, డబ్బా తప్పిపోకూడదు."

అమ్మ కళ్లల్లో నీళ్లున్నాయి. నేను కూడా గంభీరంగా తలూపాను. డబ్బా ఒక ఎర్ర సంచిలో పెట్టింది. సంచి మీద తణుకు బట్టల కొట్టు పేరు అరచేయంత అక్షరాలతో ఉంది. ఇదీ గుర్తుపెట్టుకోండి.

నేను అప్పటికే సిద్ధం. ముహూర్తం పెట్టిన రోజు నుంచీ ఫోన్లో వీడియోలు చూసి, హైదరాబాద్ వెళ్లొచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి, 'నగర మోసాలు - నివారణ' అని ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఇరవై సూత్రాలు రాసుకున్నాను. రోడ్డు మీద ఇచ్చే కాగితం తీసుకోరాదు, మత్తుమందు పూసి ఉంటుంది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకరాదు. బస్సు దిగగానే ఫోన్ ఆఫ్ చేయవలెను, లేదంటే గాల్లోంచే లోపలికొచ్చేస్తారు. విలువైన వస్తువులు సంచిలో కాక ఒంటి మీదే దాచవలెను. ఇలాంటివి. అక్కకి పెట్టడానికి అమ్మ తన సీమంతంలో కట్టుకున్న పట్టుచీర ఇచ్చింది. ఆ సూత్రం ప్రకారం నేను దాన్ని బనీను మీద నడుముకి చుట్టుకుని, పైన చొక్కా వేసుకున్నాను. అద్దంలో చూసుకుంటే ఏడో నెల నాకే వచ్చినట్టుంది.

చివర్లో ఇరవయ్యొకటో సూత్రం సొంతంగా చేర్చాను: 'మన జిల్లావాడైతే పర్వాలేదు.' అది ఏ వీడియోలోనూ లేదు. నా చేత్తో, నా పెన్నుతో రాశాను. కింద గీత కూడా గీశాను.

బస్సు పొద్దున్న ఏడింటికి అమీర్‌పేటలో దింపింది. నేను ఫోన్ ఆఫ్ చేసి, బనీను జేబులో వేసి, పిన్నీసు పెట్టాను. నాలుగడుగులు వేశానో లేదో, ముప్పై రోజుల్లో ఉద్యోగం వచ్చే కంప్యూటర్ కోర్సు కాగితం ఒకటి నా ముఖం ముందుకొచ్చింది. ఊపిరి బిగబట్టి, తల పక్కకి తిప్పి దాటాను. పది అడుగుల్లో అలాంటి కాగితాలు ఇంకో అయిదు వచ్చాయి. ఆరు కాగితాలకీ ఊపిరి బిగబట్టేసరికి మత్తుమందు అవసరం లేకుండానే కళ్లు తిరిగి, మెట్రో స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు ఎవరో భుజం మీద చెయ్యి వేశారు.

"ప్రసాదువేనా బిడ్డా?"

అరవై దాటిన మనిషి. నీలం గళ్ల చొక్కా, నెరిసిన మీసం, చేతిలో ఫోన్. పేరు పెట్టి పిలిచాడు కాబట్టి సూత్రం ప్రకారం నేను పలకలేదు. పలకలేదు అనడం కంటే, "కాదు" అన్నాను.

"కాదా? ఎర్ర సంచి, మీద తణుకు అని రాసుంటది అన్నది మా కోడలు. నేను నరేష్ వాళ్ల నాయనను. ఆటో తెచ్చిన, పోదాం పా."

చూశారా, ఎంత సూటిగా చెప్పాడో. దాచిందేమీ లేదు. నేను మాత్రం కళ్లు చికిలించి, పోలీసువాడిలా ప్రశ్నలు మొదలుపెట్టాను.

"మా అమ్మకి ఏ కాలు విరిగింది?"

"ఎడమ కాలు. బాత్రూంల జారిందట గద పాపం. ఇప్పుడెట్లున్నది?"

"సంచిలో ఏముంది?"

"చలిమిడి. ఇంకేముంటది?"

నేను రెండడుగులు వెనక్కేశాను. మామూలు దొంగకి ఎడమ కాలని ఎలా తెలుస్తుంది? ఇన్ని వివరాలు సేకరించాడంటే వీడు చిల్లర దొంగ కాదు, వెనక పెద్ద ముఠా ఉంది. ఇదీ నా తర్కం. తప్పు చెబితే దొంగ, ఒప్పు చెబితే గజదొంగ. నా దగ్గర పరీక్ష పాసయ్యే మార్గం ఆ పెద్దమనిషికి లేదు.

"జర మీ అక్కకు ఫోన్ జెయ్, నీకే తెలుస్తది," అన్నాడు.

"నాకు ఫోన్ లేదు."

"నేను జేస్త ఉండు." ఆయన ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టాడు. లోపల్నుంచి అచ్చం మా అక్క గొంతు.

"ఒరేయ్ ప్రసాదూ, ఫోన్ ఎందుకు ఆపేశావురా? ఎన్నిసార్లు చేశానో. మామయ్యగారితో ఆటో ఎక్కి వచ్చేయ్."

అంత అచ్చంగా ఉండడంతోనే నాకు అనుమానం బలపడింది. ఈ రోజుల్లో ఎవరి గొంతునైనా కంప్యూటర్లో తయారు చేస్తున్నారని పద్నాలుగో సూత్రం. "నువ్వు మా అక్కవేనని రుజువేంటి?" అన్నాను.

"నీకేమైనా పిచ్చి పట్టిందా, వెధవా?"

నేను ఫోన్ తిరిగి ఆయన చేతిలో పెట్టేసి, విజయగర్వంతో నవ్వాను. "దొరికిపోయారు. మా అక్క నన్ను ఎప్పుడూ వెధవా అనదు."

అంటుంది. రోజూ అంటుంది. అత్తిలిలో మా వీధివాళ్లు నా అసలు పేరు అదే అనుకునేవాళ్లు. కానీ ఆ క్షణంలో నాకది గుర్తురాలేదు. తెలివి మీద నమ్మకం మరీ ఎక్కువైతే జ్ఞాపకశక్తి పోతుంది కాబోలు.

పక్కన ఇడ్లీ బండి దగ్గర తింటున్నవాళ్లు మావైపు తిరిగారు. వినేవాళ్లుంటే నాకు ఉత్సాహం ఎక్కువ. గొంతు పెంచాను. "చూడండి, పల్లెటూరి నుంచి వచ్చాడు కదా అని వల వేస్తున్నారేమో. మీలాంటి దొంగల్ని చాలామందిని చూశాను నేను."

అప్పటికి నేను చూసిన దొంగలు సున్నా. ఆ నిమిషానికి కూడా సున్నాయే.

ఆయన ముఖం ఒక్కసారి వాడిపోయింది. ఇడ్లీ బండివైపు చూసి, మళ్లీ నావైపు చూశాడు. కోపం తెచ్చుకోలేదు. "నేను సుత మస్తు మందిని చూసిన బిడ్డా. ముప్పై ఏండ్లు సిటీ బస్సుల కండక్టర్ జేసిన. జేబులు కొట్టేటోళ్లను నడుస్తున్న బస్సుల పట్టిన," అన్నాడు.

"అనుభవం అక్కణ్ణుంచే వచ్చిందన్నమాట," అని నేను మెట్రో మెట్లెక్కేశాను.

ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వేసుకోవాలనిపిస్తుంది. చాలాసార్లు వేసుకున్నాను కూడా. ఆయన మాత్రం ఆటోవాడికి చెప్పి పంపించేసి, కోడలి తమ్ముణ్ణి రోడ్డున వదిలిపెట్టడం ఇష్టంలేక, ఇరవై మెట్ల దూరంలో నా వెనకే వచ్చాడట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అన్నీ నాకు తర్వాతే తెలుస్తాయి.

పైకెళ్లి పంజాగుట్టకి టికెట్ తీసుకున్నాను. పక్క స్టేషనే. నడిచినా అరగంట. ముందు జనం సంచులు ఒక యంత్రం నోట్లో పెడుతున్నారు, అటువైపు తీసుకుంటున్నారు. దాని తెరమీద సంచుల్లో ఉన్న దువ్వెనలు, గొడుగులు, టిఫిన్ డబ్బాలు ఎముకల్లా కనిపిస్తున్నాయి. నేను ఆగిపోయాను. అది ఎక్స్‌రే. కడుపుతో ఉన్నవాళ్లు ఎక్స్‌రే దగ్గరికి వెళ్లకూడదని మా ఊరి డాక్టరు గది తలుపు మీద బొమ్మేసి మరీ రాసుంటుంది. మరి కడుపుతో ఉన్నామె తినబోయే చలిమిడి సంగతేంటి? ఇరవయ్యొక్క సూత్రాల్లో దీనికి సమాధానం లేదు.

సంచి గుండెలకి హత్తుకుని అటూ ఇటూ తిరుగుతుంటే ఒక మెత్తటి గొంతు వినిపించింది. "ఏవండీ తమ్ముడుగారూ, మనది గోదావరి జిల్లానాండీ?"

నా ప్రాణం లేచొచ్చింది. ఆ 'అండీ' వినగానే అత్తిలి పెరట్లో కూర్చున్నట్టనిపించింది. తెల్లచొక్కా, తలకి నూనె, నుదుట కుంకుమ బొట్టు. నలభై ఏళ్లుంటాయి.

"అవునండి, ఎలా కనిపెట్టారు?" అన్నాను.

"మనవాళ్ల కళ వేరండీ, చూడగానే తెలిసిపోద్ది," అన్నాడు, నా సంచి మీద అరచేయంత అక్షరాల్ని చదువుతూ. "ఇంటిపేరేంటండీ తమరిది?"

ఇంటిపేరు అడిగినవాడు దొంగెలా అవుతాడండీ? దొంగ జేబు చూస్తాడు, చుట్టం ఇంటిపేరు అడుగుతాడు. "పెనుమాక వాళ్లమండి," అన్నాను.

"పెనుమాక వారా? భలేవారే. మా మేనత్తని ఇచ్చింది పెనుమాక వారికేనండీ."

"ఏ ఊళ్లో?"

"అదేనండీ, తణుకు పక్కన..."

"అత్తిలా?"

"అత్తిలేనండీ."

"అయితే మా సత్తిరాజు తాతయ్య వాళ్లేమో. పొడుగ్గా ఉంటాడు, చెవిలో వెంట్రుకలుంటాయి."

"పొడుగ్గా ఉంటాడండీ, చెవిలో వెంట్రుకలు. సత్తిరాజు గారే."

మీరు నవ్వుతున్నారు. ఊళ్లో పరాయివాడు కనిపిస్తే రెండు నిమిషాల్లో వరస కలిపి, మూడో నిమిషంలో మంచినీళ్లిచ్చి, నాలుగో నిమిషంలో కాళ్లు కడుక్కోమనే జాతి మాది. అక్కడ వరస అంతా నేనే కలుపుకున్నాను. ఆయన చేసిందల్లా నేను అన్నమాట తిరిగి అనడమే. కింద ఎడమ కాలు సంగతి కూడా తెలిసిన మనిషిని నమ్మలేదు. పైన ఏమీ తెలియనివాడికి మా వంశవృక్షం మొత్తం నేనే ఇచ్చి, ఇంత తెలిసినవాడు మనవాడే అని పొంగిపోయాను.

"లెక్క ప్రకారం మీరు నాకు బావ అవుతారండి," అన్నాను.

"మరి ఇంకా అండీ ఏంటి బావా, పరాయివాళ్లలాగా," అన్నాడాయన ప్రేమగా. "ఏంటి, కంగారుగా ఉన్నావు?"

చెప్పాను. సీమంతం, చలిమిడి, ఎక్స్‌రే, అన్నీ. విన్నవాడి ముఖంలో ఒక్క క్షణం నిజమైన ఆశ్చర్యం కనిపించింది. పాపం అతను ఏదో మామూలు ఎత్తు వేయడానికి వచ్చి ఉంటాడు. తన వృత్తిలో ఇంత సహకారం ఎప్పుడూ ఎదురై ఉండదు. కానీ అనుభవజ్ఞుడు, వెంటనే తేరుకున్నాడు.

"అమ్మో, ఎంత మంచిపని చేశావు బావా ఆగి. ఆ కిరణాలు చలిమిడిలోకి పోతే బిడ్డకి ప్రమాదం. సంచి ఇటివ్వు. స్టాఫు గేటు దగ్గర మనూరివాడే ఉన్నాడు, మెషీను లేకుండా చేతి మీదుగానే పంపిస్తాడు. నువ్వు ఈ లైన్లో వచ్చేయ్, అటువైపు కలుద్దాం."

"చాలా థాంక్సు బావా. జాగ్రత్త, డబ్బా వంచకు, పాకం కొంచెం లేతగా ఉంది," అని అప్పగింతలు పెట్టి మరీ ఇచ్చాను.

నేను లైన్లో నిలబడ్డాను. ఒళ్లు తడిమే గార్డు చెయ్యి నా పొట్ట మీద ఆగింది. "ఏమున్నదన్నా లోపల?"

"చీర."

"చీరనా?"

"పట్టుచీర. మా అమ్మది."

ఆయన నావైపు జాలిగా చూశాడు. అంతలో చేతిలో మెషీను నా గుండె దగ్గర కూసింది. "అదేంది?"

"పిన్నీసు. దాని వెనక ఫోన్."

చొక్కా విప్పి, చీర కొంగు చూపించి, పిన్నీసు తీసి పెట్టి, అవతలికి వెళ్లేసరికి పది నిమిషాలు పట్టింది. అటువైపు బావ లేడు. స్టాఫు గేటు ఎక్కడని అడిగితే ఎవరికీ తెలీదు. టికెట్ గొడవ వదిలేసి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ మళ్లీ మెట్లవైపు పరిగెత్తాను.

మెట్ల కింద జనం మూగి ఉన్నారు. మధ్యలో నీలం గళ్ల చొక్కా. ఆయన ఒక చేతిలో నా ఎర్ర సంచి, ఇంకో చేతిలో మా బావ కాలరు.

ఇప్పుడు మీకు అంతా అర్థమైపోయింది కదా. సంచితో దిగిపోతున్న దొంగని, ముప్పై ఏళ్ల అనుభవంతో, మామయ్యగారు పట్టేసుకున్నారు. అక్కడున్న జనానికి అర్థమైంది. ఇడ్లీ బండివాడికి అర్థమైంది. అర్థం కానిది ఒక్కడికే.

"దొంగా, మా బావని వదులు," అని అరుస్తూ దూకాను.

"అరే బిడ్డా, గీడే దొంగ. నీ సంచి పట్టుకొని ఉరుకుతుండు," అన్నాడు మామయ్యగారు.

తెల్లచొక్కా చాలా నిదానంగా, "చూశావా బావా, నీ సంచి కోసం కిందనుంచే వెంటపడ్డాడంట ఈ పెద్దాయన. నేనడ్డం పడకపోతే పట్టుకుపోయేవాడు," అన్నాడు.

నేను మామయ్యగారి చేతిలోంచి సంచి లాక్కున్నాను. లాక్కుని ఏం చేశానంటారా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని సామెత. సామెతలో కూడా ఒకసారే ఇస్తారు. నేను రెండోసారి, ఇంకా గట్టిగా, ఆయన రెండు చేతుల్లో పెట్టాను. "పట్టుకో బావా, నేను ఈయన సంగతి చూస్తాను."

"నువ్వు వదలకు బావా, నేను పోలీసుని పిలుచుకొస్తాను," అని తెల్లచొక్కా జనంలోంచి దారి చేసుకుని నడిచి వెళ్లాడు. పరిగెత్తలేదు. పరిగెత్తాల్సిన అవసరం నేను కలిగించలేదు.

మామయ్యగారి రెండు చేతులూ నేను బిగించి పట్టుకుని ఉన్నాను. ఆయన విడిపించుకోవడానికి ఒకసారి ప్రయత్నించి మానేశాడు. ఆ మనిషి వెళ్లినవైపు చూస్తూ నిట్టూర్చాడు.

"పోయింది బిడ్డా."

"ఏం పోయింది?"

"చలిమిడి." నా పిడికిళ్లవైపు చూశాడు. "ఇగ నా చేతులు ఇడుస్తవా? తిమ్మిరెక్కినయి. ఇప్పుడన్న నీ ఫోన్ తెరువు."

జనంలో ఒకాయన, "తమ్మీ, గంటసేపు పట్టుకున్నా గా పోలీసు రాడు, ఫోన్ చూస్కో," అన్నాడు.

పిన్నీసు తీసి, ఫోన్ ఆన్ చేశాను. అక్కవి, నరేష్ బావవి, అమ్మవి కాల్స్ కుప్పలు. వాటి కింద పొద్దున్న ఆరింటికి అక్క పంపిన ఫోటో ఒకటి. 'మామయ్యగారు వస్తున్నారు, నువ్వు గుర్తుపట్టవని ఫోటో తీసి పంపుతున్నా.' ఫోటోలో నెరిసిన మీసం, నీలం గళ్ల చొక్కా. ఆ చొక్కా చేతులు అప్పటికింకా నా పిడికిళ్లలోనే ఉన్నాయి.

నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని అన్న మాటలకి సిగ్గుతో కొంత, డబ్బా గుర్తొచ్చి కొంత. కట్టు కాలు చాపుకుని అమ్మ గరిటె తిప్పడం కళ్ల ముందు కనిపించింది. పదకొండింటికి అక్క ఒడి చాపి కూర్చుంటే నేను అందులో ఏం పెట్టాలి? నా లాంగ్ నోట్‌బుక్కా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దంటారు. నేను కాలకముందే ఆకులన్నీ ఏరి తెచ్చుకుని, వాటినే అంటించి చేతులు కాల్చుకున్నాను.

"మామయ్యగారూ, నన్ను కొట్టండి," అన్నాను.

"కొడితే చలిమిడి వస్తదా? పా, టైమున్నది ఇంక."

పోలీసు స్టేషన్‌కి వెళ్దామంటే ఆయన నవ్వాడు. "పోయి ఏమని రాపిస్తవ్? చలిమిడికి ఎక్స్‌రే తగులుతదని నేనే ఇచ్చిన అని రాపిస్తవా?" అప్పటికి ఆయనకి మొత్తం చెప్పేశాను మరి.

నడిపించుకుంటూ అమీర్‌పేట వెనక గల్లీలో ఒక పిండివంటల దుకాణానికి తీసుకెళ్లాడు. భీమవరం వైపు నుంచి వచ్చిన ఒకావిడ నడుపుతోంది. అరిసెల కోసం ఆడించిన తడిపిండి అప్పుడే వచ్చింది. "చలిమిడి కావాలా అన్నయ్యగారూ, పావుగంటలో చేసిస్తాను," అందావిడ.

"నువ్వు జెయ్యొద్దమ్మా. గీ పిలగాడు జేస్తడు. పుట్టింటోళ్ల చెయ్యి పడాలె గద," అన్నాడు మామయ్యగారు.

మా అమ్మ చెప్పిన మాటే. ఆ యాసలో విన్నాను. వేరే యాసవాళ్లని మేం అనుకున్నవాళ్లు మా ఆచారాన్ని మాకంటే జాగ్రత్తగా పట్టుకుని ఉన్నారు. నేను మా యాసకి సంచి ఇచ్చి వచ్చాను.

ఆ దుకాణం వంటగదిలో, నడుముకి పట్టుచీరతో, చెమటలు కక్కుతూ, నేను పాకం పట్టాను. ఆవిడ పక్కనుంచి "ఇంకా తిప్పండి, ఉండ కట్టకుండా తిప్పండి" అంటుంటే, మామయ్యగారు గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ కొబ్బరి ముక్కలు కోసిచ్చాడు. మధ్యలో ఒకసారి తనలో తను నవ్వుకుని, "పోనీయ్, ఆనికి సుత కడుపు చల్లగుండాలె," అన్నాడు. కట్టు కాలుతో మా అమ్మ పడ్డ కష్టం అలా ఒక దొంగ కడుపుని చల్లబరిచింది. పుట్టింటి చలిమిడి తిన్న మగవాడు అతనొక్కడే అయి ఉంటాడు.

పదిన్నరకి పంజాగుట్ట ఇంటికి చేరాం. గుమ్మంలోనే అక్క నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. "ఏరా వెధవా, ఇంతసేపా?" అంది. ఈసారి రుజువు అడగలేదు.

"రోడ్డు మీద జర ట్రాఫిక్ ఉండె," అన్నాడు మామయ్యగారు నాకంటే ముందుగా.

సారె తీయమన్నారు. ఇంటినిండా ఆడవాళ్లు. నేను ఒక మూలకి తిరిగి చొక్కా పైకెత్తి, గిరగిరా తిరుగుతూ పట్టుచీర విప్పి ఇచ్చాను. అందరూ నోళ్లు తెరిచారు. అత్తయ్యగారు మాత్రం, "ఆంధ్రల గిట్లనే తెస్తరు కావొచ్చు," అని పక్కామెకి సర్దిచెప్పింది. పదకొండింటికి అక్క ఒళ్లో చలిమిడి పెట్టాను. అక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, "అమ్మ చెయ్యే," అంది. తర్వాత ఇంకాస్త నమిలి, "కాలు నొప్పి కదా పాపం, పాకం కొంచెం ముదరబెట్టేసింది," అంది. మామయ్యగారు ఫ్యాన్‌వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన ఈ కథ ఎవరికీ చెప్పలేదు. చెప్పిందంతా నేనే, ఇలా.

కానీ ఆయన మర్చిపోలేదు. ఇప్పటికీ నేను అమీర్‌పేటలో బస్సు దిగితే స్తంభం పక్కన నిలబడి ఉంటారు. పలకరించరు. ముందు జేబులోంచి ఆధార్ కార్డు తీసి ముఖం పక్కన పెట్టుకుని, "చూస్కో అల్లుడా, ఫోటో కలిసిందా?" అంటారు. కలిసింది మామయ్యా అంటేనే సంచి పట్టుకుంటారు.

మొన్నీమధ్య అక్కకి రెండో సీమంతం. ఈసారి చలిమిడి నా చేతికి ఇవ్వనని అమ్మ తెగేసి చెప్పింది. మామయ్యగారే అత్తిలి వచ్చి డబ్బా తీసుకున్నారు. నేను ఉత్త చేతులతో వెనక వచ్చాను. అమీర్‌పేట స్టేషన్లో మెషీను ముందు ఆయన ఆగి, లైను మొత్తం వినేలా అడిగారు. "అల్లుడా, ఎక్స్‌రే తీపియ్యాల్నా, మీ బావ కోసం చూద్దామా?"

కాబట్టి, పెనుమాక ఇంటిపేరుగల నేను, మా సత్తిరాజు తాతయ్య చెవి వెంట్రుకల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఎడమ కాలని చెప్పినవాణ్ణి కుడికాలా అని మళ్లీ అడగను. వెధవా అన్న గొంతు ఎక్కడ వినిపించినా మా అక్కదేనని ఒప్పుకుంటాను. ఇరవయ్యొకటో సూత్రం కొట్టేశాను. గీత కింద ఇంకో గీత కూడా గీశాను. ఇక హైదరాబాద్‌లో నా ఇంటిపేరు అడిగే పెద్దమనుషులకి ఒక మనవి: ముందు మీ ఆధార్ చూపించండి.